అడ్మిరల్ జుమ్‌వాల్ట్: రెండు విషాల కథ

1971 డిసెంబరులో, బంగ్లాదేశ్ యుద్ధం ముగిసే రోజుల్లో, ఎంటర్‌ప్రైజ్ అనే అమెరికన్ విమానవాహక నౌక బంగాళాఖాతంలోకి వచ్చిన సంగతి మన పెద్దలు చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. దాన్ని పంపాలన్న నిర్ణయం ప్రెసిడెంటు నిక్సన్‌దీ, ఆయన సలహాదారు కిసింజర్‌దీ. అప్పటి అమెరికా నౌకాదళాధిపతి అడ్మిరల్ ఎల్మో రసెల్ జుమ్‌వాల్ట్ జూనియర్. మన దేశంలో ఎవరైనా ఆయన పేరు ఎత్తితే ఈ ఒక్క సందర్భంలోనే ఎత్తుతారు. నేను ఆయన గురించి రాయాలనుకోవడానికి కారణం వేరు. ఆయన జీవితం రెండు విషాలతో ముడిపడి ఉంది. ఒకటి ఆయనే కోరి చల్లించింది. రెండోది ఎవరూ ఒక్క మాటైనా చెప్పకుండా ఆయన ఊపిరిలోకి వెళ్ళింది. మొదటిది తన కొడుకును పొట్టన పెట్టుకుందని ఆయన నమ్మాడు. రెండోది ఆయన్నే పొట్టన పెట్టుకుంది.

జుమ్‌వాల్ట్ 1920 నవంబరు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. పెరిగింది మాత్రం అదే కాలిఫోర్నియాలో టులారీ అనే వ్యవసాయపు టౌన్లో. చుట్టూ చేలూ, తోటలూ, పాడీ. తల్లీ తండ్రీ ఇద్దరూ డాక్టర్లే. తానూ డాక్టరవుదామనే అనుకున్నాడు గాని, చివరికి 1939లో అన్నాపొలిస్‌లోని నేవల్ అకాడమీలో చేరాడు. 1943లో బయటికి రావలసిన ఆ బ్యాచికి, యుద్ధం వచ్చిపడడంతో 1942 జూన్‌లోనే పట్టాలిచ్చి ఓడలెక్కించారు. అంటే మన ఫైనలియర్ కుర్రాళ్ళ వయసుకి ఆయన పసిఫిక్ సముద్రంలో ఉన్నాడు.

మొదట ఫెల్ప్స్, తరువాత రాబిన్సన్. రెండూ డెస్ట్రాయర్లు, రెండూ ఆవిరితో నడిచేవి. ఇక్కడ కొంచెం ఆగి ఆ ఓడ లోపల ఏముందో చెప్పుకోవాలి, కథంతా అక్కడే ఉంది గనుక.

రాబిన్సన్ తరహా డెస్ట్రాయర్‌లో బాయిలర్లనుంచి టర్బయిన్లకు వెళ్ళే ఆవిరి వేడి సుమారు 450 డిగ్రీల సెంటిగ్రేడు. ఇరుకు గదుల్లో అంత వేడి గొట్టాల పక్కన మనిషి నిలబడి పనిచేయాలంటే ఆ గొట్టాలకు మందంగా ఏదో ఒకటి చుట్టాలి. అది కాలకూడదు, బరువుండకూడదు, చౌకగా దొరకాలి. అన్నిటికీ సరిపోయింది ఆస్‌బెస్టాస్. మన పాఠ్యపుస్తకాల్లో రాతినార అంటారు. పేరు సరిగ్గానే పెట్టారు: రాయి గాని, నారలాగా విడిపోతుంది, బట్టలాగా నేయవచ్చు, సున్నంలాగా కలిపి పూయవచ్చు. అమెరికా నౌకాదళం బాయిలర్లకూ, గొట్టాలకూ, గాస్కెట్లకూ, వాల్వుల ప్యాకింగుకూ, అన్నిటికీ దాన్నే వాడింది. వేల గొట్టాలు. అవి ఇంజను గదిలోనే ఆగిపోవు, నావికులు పడుకునే బల్లల మీదుగా కూడా పోతాయి. పైన ఫిరంగి పేలినప్పుడల్లా ఓడ ఆ కొసనుంచి ఈ కొసదాకా అదిరి, గొట్టాల పట్టులోంచి తెల్లటి దుమ్ము పక్కల మీద రాలేదని ఆనాటి నావికులు ఎంతోమంది తరువాత కోర్టుల్లో సాక్ష్యం చెప్పారు.

డెస్ట్రాయర్లంటే పెద్ద ఓడలనుకుందాం. చిన్న గస్తీ ఓడల సంగతీ అంతే. జలాంతర్గాముల వేటకని అమెరికా ఆ యుద్ధంలో 173 అడుగుల పొడవున్న గస్తీ ఓడలను మూడు వందలకు పైగా కట్టింది. అవి డీజిలుతో నడిచేవి, ఆవిరి లేదు. కాని ఎగ్జాస్టు గొట్టాల చుట్టూ పట్టు అదే, గాస్కెట్లు అవే. పైగా ఓడ ఎంత చిన్నదైతే మనుషులు అంత ఇరుకుగా ఉంటారు. ఇంజను మరమ్మతు చేసే చోటూ, అన్నం తినే చోటూ, నిద్రపోయే చోటూ నాలుగడుగుల తేడాలో ఉంటాయి. పాత గాస్కెట్టు గీకి పారేసిన చేతులతోనే వెళ్ళి తిండికి కూర్చోవాలి.

1944 అక్టోబరు 25 తెల్లవారుజామున ఫిలిప్పీన్స్‌లో సురిగావో జలసంధి దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. రాబిన్సన్ కూడా జపాను యుద్ధనౌకల మీదికి టార్పెడోలు వదిలిన డెస్ట్రాయర్లలో ఒకటి. శత్రువు ఎక్కడున్నాడో రాడార్ సమాచారంతో లెక్కగట్టి చెప్పే గదిలో జుమ్‌వాల్ట్ పనిచేశాడు. ఆ రాత్రి పనికి ఆయనకు బ్రాంజ్ స్టార్ పతకం ఇచ్చారు.

యుద్ధం ముగియగానే మరో విచిత్రమైన పని తగిలింది. లొంగిపోయిన జపాను గన్‌బోటు ఒకటి, అతాకా అని, 1,200 టన్నుల నదీ గస్తీ ఓడ, రెండు వందల మంది జపాను సిబ్బందితో సహా ఆయన చేతికి అప్పగించారు. గుప్పెడు మంది అమెరికన్ నావికులతో, ఆ ఓడ మీద అమెరికా జెండా ఎగరేసి, హ్వాంగ్‌పూ నదిలో ఎదురెక్కి షాంఘై చేరాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళయినా నిండలేదు. షాంఘైలోనే మూజా అనే అమ్మాయి పరిచయమైంది. ఫ్రెంచి తండ్రి, రష్యన్ తల్లి, పెరిగింది మంచూరియాలోని హార్బిన్‌లో. రష్యన్ నేర్పమని ఆవిడ దగ్గర చేరి, కొద్ది వారాల్లోనే పెళ్ళి చేసుకున్నాడు. ఆ కాపురం ఆయన చనిపోయేదాకా యాభై నాలుగేళ్ళు సాగింది.

ఆయన షాంఘైనుంచి తిరిగొచ్చిన రోజుల్లోనే, 1946లో, అమెరికాలో ఒక శాస్త్రీయ నివేదిక వెలువడింది. సైన్సు విద్యార్థులు దాన్ని తప్పక చదవాలని నా అభిప్రాయం, ఎలా చేయకూడదో తెలుసుకోవడానికి. నౌకాదళం ఓడలు కట్టే నాలుగు కర్మాగారాల్లో గొట్టాలకు ఆస్‌బెస్టాస్ చుట్టే 1,074 మంది పనివాళ్ళను ఎక్స్‌రే తీసి చూశారు. ముగ్గురికి మాత్రమే ఆస్‌బెస్టోసిస్, అంటే ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, కనిపించింది. కాబట్టి ఇదంత ప్రమాదకరమైన పని కాదని తేల్చేశారు. కాని అదే నివేదికలో మరో అంకె ఉంది. ఆ వెయ్యి చిల్లర మందిలో పదేళ్ళు దాటి ఆ పని చేసినవాళ్ళు 51 మందే. జబ్బు కనిపించిన ముగ్గురూ ఇరవై ఏళ్ళు పైబడి చేసినవాళ్ళు! విత్తనం వేసిన మూడో రోజున చేలోకి వెళ్ళి చూసి పంట రాదని రాసుకొచ్చినట్టుంది. ఆ మాట పట్టుకుని నౌకాదళం, కంపెనీలూ చాలా ఏళ్ళు నిశ్చింతగా ఉన్నాయి. అదీ కర్మాగారంలో కూలివాళ్ళ మీద చేసిన పరీక్ష. అవే ఓడల్లో ఏళ్ళ తరబడి తిని పడుకున్న నావికుల్ని ఆ లెక్కలోకి తీసుకోనే లేదు.

ప్రమాదం గురించి అసలు తెలియదా అంటే, తెలుసు. 1943లోనే నౌకాదళమూ, మారిటైం కమిషనూ కలిసి ఓడల కర్మాగారాలకు ఇచ్చిన ఆరోగ్య నియమాల్లో ఆస్‌బెస్టాస్ దుమ్ము జాగ్రత్తలున్నాయి. 1960లో దక్షిణాఫ్రికానుంచి వాగ్నర్ అనే డాక్టరూ, ఆయన సహచరులూ 33 మంది రోగుల వివరాలు ప్రకటించారు. ఊపిరితిత్తుల మీద ఉండే పల్చని పొరకు వచ్చే అరుదైన క్యాన్సర్ అది, పేరు మీసోథీలియోమా. దాదాపు అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆస్‌బెస్టాస్ గనుల ఛాయల్లో బతికినవాళ్ళే. 1964లో న్యూయార్కులో సెలికాఫ్ అనే డాక్టరు గొట్టాలకు పట్టువేసే పనివాళ్ళ యూనియన్ రికార్డులు పట్టుకుని లెక్క మొత్తం తిరగరాశాడు. అక్కడనుంచి ఎవరికీ తెలియదనడానికి వీల్లేదు.

శరీరంలో జరిగేది ఇది. సూదిలాంటి నార ముక్క ఊపిరితిత్తి అడుగుకంటా దిగుతుంది. చెత్తను మింగి శుభ్రం చేసే కణాలు దాన్ని మింగబోతాయి, పొడుగు ఎక్కువై మింగలేవు. రాయి గనుక అరగదు, కరగదు. అక్కడే కూర్చుని ఏళ్ళ తరబడి మంట పెడుతూనే ఉంటుంది. మొదటి దుమ్ము పీల్చిన నాటినుంచి క్యాన్సర్ బయటపడేదాకా ఇరవై ఏళ్ళు పట్టవచ్చు, యాభై కూడా పట్టవచ్చు. ఈలోగా మనిషి ఆరోగ్యంగానే తిరుగుతుంటాడు.

జుమ్‌వాల్ట్ అలాగే తిరిగాడు. సాఫ్లీ, జెల్లార్స్ అనే డెస్ట్రాయర్లు, ఆయనే కమాండరుగా టిల్స్, కొరియా యుద్ధంలో విస్కాన్సిన్ బాటిల్‌షిప్పు, మళ్ళీ డెస్ట్రాయరు ఇస్బెల్, 1959 చివర్లో క్షిపణులు మోసే కొత్త ఓడ డ్యూయీ. టిల్స్ తప్ప మిగతావన్నీ ఆవిరి గొట్టాల ఓడలే. 44వ ఏట రియర్ అడ్మిరల్ అయ్యాడు.

1968 సెప్టెంబరులో ఆయన్ను వియత్నాంలోని నౌకాదళానికి అధిపతిగా పంపారు. సముద్రం మీది యుద్ధం కాదది. మెకాంగ్ డెల్టాలో కాలవల్లో, ఏళ్ళలో, చిన్న గస్తీ పడవల మీద సాగేది. యాభై అడుగుల అల్యూమినియం స్విఫ్ట్ బోట్లు, 31 అడుగుల ఫైబర్‌గ్లాస్ పడవలు. ఒడ్డున దట్టమైన చెట్లు, చెట్లలో వియత్‌కాంగ్. పది గజాల దూరంనుంచి కాలుస్తారు, కనిపించరు. ఆయన లెక్కలో నెలకు నూటికి ఆరుగురు చావడమో గాయపడడమో జరుగుతోంది. ఏడాది డ్యూటీ అంటే ఆరు పన్నెండ్లు డెబ్బైరెండు. అంటే నలుగురిలో ముగ్గురు క్షేమంగా ఇంటికి వెళ్ళరు. ఆ కుర్రాళ్ళని కాపాడుకోవడానికి ఒడ్డున చెట్లు మాడిపోయేలా ఏజెంట్ ఆరెంజ్ చల్లించాడు. మనుషులకు ఏ హానీ లేదని పైవాళ్ళు నమ్మబలికారు. చల్లాక ప్రాణనష్టం నెలకు ఒక శాతం కంటే తగ్గిందని ఆయన లెక్క.

ఏజెంట్ ఆరెంజ్ అంటే ఏమిటో రైతు బిడ్డలకు చెప్పడం తేలిక. 2,4-డి, 2,4,5-టి అనే రెండు కలుపుమందులు చెరిసగం కలిపింది. మొదటిది మనం వరిచేలో వెడల్పాకు కలుపుకి ఇప్పటికీ కొడుతున్న టూఫోర్‌డీయే. అసలు దయ్యం రెండోదాన్ని తయారుచేసేటప్పుడు పుట్టే డయాక్సిన్. అమెరికా ఆ యుద్ధంలో చల్లిన కలుపుమందులన్నీ కలిపి ఏడుకోట్ల లీటర్ల పైమాటే. అది పడ్డది ఖాళీ అడవి మీద కాదు, వియత్నాం రైతుల మీదా, వాళ్ళ చేల మీదా. వాళ్ళ లెక్క ఆ రోజుల్లో ఎవరూ వేయలేదు. జుమ్‌వాల్ట్‌ను మెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతుంటారు.

ఆ కాలవల్లోనే ఒక స్విఫ్ట్ బోటుకు కమాండరు ఆయన పెద్దకొడుకు ఎల్మో. తండ్రికి ఉన్న పలుకుబడితో సుఖమైన చోట పడవచ్చు. అతను గస్తీ పడవే కోరుకున్నాడు, తండ్రి అడ్డు చెప్పలేదు.

1970 జూలై 1న, 49 ఏళ్ళకే, జుమ్‌వాల్ట్ మొత్తం నౌకాదళానికి అధిపతి అయ్యాడు. అంత చిన్న వయసులో ఆ పదవి ఎక్కినవాళ్ళు అంతకుముందు లేరు. నాలుగేళ్ళలో 121 ఉత్తర్వులు పంపాడు. వాటికి జెడ్-గ్రామ్‌లని పేరొచ్చింది. గడ్డాలు పెంచుకోవచ్చు, నల్లజాతి నావికుల పట్ల వివక్ష కుదరదు, ఆడవాళ్ళకు మరిన్ని ఉద్యోగాలు, అన్నీ అందులోనివే. అమెరికా నౌకాదళంలో మొదటి నల్లజాతి అడ్మిరల్ శామ్యూల్ గ్రేవ్‌లీ 1971లో ఆయన హయాంలోనే అయ్యాడు. పాతకాపులైన అడ్మిరళ్ళు పళ్ళు నూరారు. కింది నావికులు మాత్రం ఆయన్ను నెత్తిన పెట్టుకున్నారు. అమెరికా ప్రభుత్వం పనిస్థలాల్లో ఆస్‌బెస్టాస్ దుమ్ముకి పరిమితి పెట్టింది కూడా ఆ రోజుల్లోనే, 1972లో. ముప్పయ్యేళ్ళ కిందట పీల్చినదానికి ఆ పరిమితి ఏం చేస్తుంది?

1974లో రిటైరయ్యాడు. 1976లో సెనేట్‌కి పోటీచేసి ఓడిపోయాడు. అది పెద్దగా చెప్పుకోవలసింది కాదు.

1983లో కొడుక్కి లింఫోమా అని తేలింది. తరువాత హాడ్జ్‌కిన్స్ జబ్బు కూడా కనిపించింది. చెల్లెలు ఇచ్చిన మూలుగతో మార్పిడి చేశారు, ఫలితం లేకపోయింది. మనవడికి పుట్టుకతోనే నేర్చుకునే శక్తిలో లోపం. తండ్రీ కొడుకులిద్దరూ దీనంతటికీ ఏజెంట్ ఆరెంజే కారణమని నమ్మారు, కలిసి ఒక పుస్తకం రాశారు. కొడుకు తండ్రిని ఎన్నడూ నిందించలేదు. ఆ చెట్లు మాడకపోతే తాను అప్పుడే చచ్చేవాణ్ణన్నది అతని లెక్క. తండ్రి కూడా, అదే పరిస్థితి వస్తే అదే ఉత్తర్వు మళ్ళీ ఇస్తానన్నాడే గాని, తప్పించుకోవాలని చూడలేదు. 1988 ఆగస్టులో కొడుకు 42వ ఏట పోయాడు.

ఆ తరువాతి జుమ్‌వాల్ట్ నాకు అన్నిటికంటే గొప్పవాడుగా కనిపిస్తాడు. మూలుగ దాతల జాతీయ పట్టిక కోసం పనిచేశాడు. వియత్నాంలో పనిచేసినవాళ్ళ జబ్బులకు ఏజెంట్ ఆరెంజ్‌తో సంబంధం ఉందా లేదా అని తేల్చమని మాజీ సైనికుల శాఖ ఆయన్ను అడిగింది. ఊరికే జీతం లేకుండా కూర్చుని పరిశోధనలన్నీ తిరగేశాడు. 1990లో ఇచ్చిన నివేదికలో, ప్రభుత్వ కమిటీల లెక్కలు ఎక్కడెక్కడ వంకరపోయాయో మొహమాటం లేకుండా రాశాడు. మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ఫలానా జబ్బులు వచ్చిన సైనికుడు వియత్నాంలో పనిచేశానని చూపిస్తే చాలు, విషం తన మీద పడిందని రుజువు చేయనక్కర్లేదు. నది మీది పడవలవాళ్ళు మొదటినుంచీ అందులోకి వచ్చారు. తీరానికి దూరంగా ఉన్న ఓడలవాళ్ళకు 2019 దాకా మరో చట్టం కోసం ఆగవలసివచ్చింది.

1999లో ఆయనకే జబ్బు చేసింది. డ్యూక్ యూనివర్సిటీ ఆసుపత్రిలో పేరు చెప్పారు: మీసోథీలియోమా. 2000 జనవరి 2న, 79వ ఏట, అక్కడే పోయాడు. ఫెల్ప్స్ ఎక్కిన నాటినుంచి లెక్కిస్తే 57 ఏళ్ళు, డ్యూయీనుంచి లెక్కిస్తే నలభై. ఆ నార ఏ ఓడదో చెప్పగల పరీక్ష ప్రపంచంలో లేదు.

పేద నావికులకు ఈ చివరి ముక్కే ప్రాణాంతకం. ఎందుకంటే ఆస్‌బెస్టాస్‌కి ఏజెంట్ ఆరెంజ్‌లాంటి చట్టం అమెరికాలో లేదు. ఓడలో పనిచేశానంటే చాలదు. ఏ ఓడ, ఏ పని, ఏ ఏళ్ళు, ఎంత దుమ్ము, అన్నీ చూపించి, దానివల్లే జబ్బు వచ్చిందని డాక్టరు చేత రాయించుకురావాలి. ఎనభై ఏళ్ళ మనిషి, ఆయాసంతో, అరవై ఏళ్ళ కిందటి గస్తీ ఓడలో తన పక్కన పడుకున్నవాణ్ణి సాక్ష్యానికి ఎక్కడనుంచి తెస్తాడు? ఆ పక్కవాడూ ఈపాటికి పోయి ఉంటాడు. ప్రభుత్వం మీద దావా వేద్దామా అంటే, సైనికుడు ఉద్యోగంలో పడిన నష్టానికి ప్రభుత్వం మీద దావా చెల్లదని సుప్రీంకోర్టు 1950లోనే చెప్పేసింది. మిగిలింది సరుకు అమ్మిన కంపెనీలు. వాటిలో అన్నిటికంటే పెద్దదైన జాన్స్-మాన్‌విల్, దావాలు వేలకు వేలు వచ్చిపడుతుంటే, 1982లో దివాలా పిటిషన్ పెట్టుకుంది. అడ్మిరల్‌కి ఆసుపత్రీ, గౌరవ లాంఛనాలూ, అన్నాపొలిస్ శ్మశానంలో చోటూ దొరికాయి. బాయిలర్ దగ్గర చెమటోడ్చినవాడికి ఫారాలు దొరికాయి.

ఇది మనకు సంబంధంలేని దూరదేశపు గొడవ అనుకోవడానికి లేదు. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులుండేవి. 1995 జనవరిలో మన సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పిస్తూ, ప్రతి పనివాడి ఆరోగ్య రికార్డునూ ఉద్యోగంలో చేరిన నాటినుంచి కనీసం నలభై ఏళ్ళు, లేదా మానేశాక పదిహేనేళ్ళు, ఏది ఆలస్యమైతే అంతవరకూ భద్రపరచమంది. ఆ నలభై ఎక్కడనుంచి వచ్చిందో పైన చదివినవాళ్ళకు తెలుసు. నార ఇప్పుడు విదేశాలనుంచి వస్తోంది, సిమెంటులో కలిపి రేకులు పోస్తున్నారు. మావూళ్ళో సగం పశువుల కొట్టాల మీద అవే. కదిలించకుండా ఉన్న రేకు పెద్దగా హాని చేయదు. రంపంతో కోసినప్పుడూ, పగిలిన ముక్కల్ని గడపలో దంచి గుంటలు పూడ్చినప్పుడూ లేచే దుమ్ముతోనే తంటా. ముక్కుకి తువ్వాలు చుట్టుకుంటే చాలుననుకుంటారు. ఆ నార తువ్వాలులోంచి దూరిపోతుంది. తడిపి కోయాలి, సరైన మాస్కు పెట్టుకోవాలి, ముక్కలు దంచకుండా పాతిపెట్టాలి.

అమెరికా ప్రభుత్వం 2000లోనే, కట్టబోయే కొత్తరకం డెస్ట్రాయరుకు ఆయన పేరు పెడతామని ప్రకటించింది. 2016 అక్టోబరులో బాల్టిమోర్ రేవులో జుమ్‌వాల్ట్ అనే ఆ ఓడ నౌకాదళంలో చేరింది. పొడవు 610 అడుగులు. గ్యాస్ టర్బయిన్లు కరెంటు తీస్తాయి, ఆ కరెంటుతో మోటార్లు తిరుగుతాయి. టర్బయిన్లు తిప్పే బాయిలర్లు గాని, గది గదికీ పట్టు చుట్టిన ఆవిరి గొట్టాలు గాని అందులో లేవు.